పేరు లేని ముసలాయన

పంకజం తిన్నె మీద కూర్చుని అప్పటికి రెండు గంటలు దాటింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. పొమ్మని కూడా అనలేదు.

పదకొండేళ్ళ కిందట ఈ గడప దాటి వెళ్ళిన ఆడపడుచు ఆమె. మిల్లులో ఫిట్టరుగా ఉన్న రాయప్పన్‌ను చర్చిలో పెళ్ళి చేసుకుని మంసాపురం వెళ్ళిపోయింది. ఆ రోజే ఆమె అన్న రాజగోపాల రాజా ఇంటిల్లిపాదినీ హాల్లో కూర్చోబెట్టి, ఇక మీద ఆ పేరు ఈ ఇంట్లో వినబడకూడదని చెప్పాడు. అప్పుడాయన జిల్లా మున్సిఫ్. ఇప్పుడు తిరునెల్వేలిలో అడిషనల్ సెషన్స్ జడ్జి. ఆ మాట మాత్రం మారలేదు.

పంకజానికి ఒక మెట్టు కింద, తల నెరిసిన కూలి మనిషి ఒకామె మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఆమె ఎవరో ఇంట్లో వాళ్ళకు తెలియదు.

రాజగోపాల రాజా భార్య సుందరవల్లి రెండు గ్లాసుల కాఫీ కలిపి హాలు దాకా వచ్చి ఆగింది. ఆయన పేపరు దించకుండానే ఎవరికని అడిగాడు. రెండో శనివారం వచ్చిందంటే ఆయన తిరునెల్వేలి పక్కనే ఉన్న పాళయంకోట బంగళా నుంచి బస్సెక్కి రాజపాళయం వస్తాడు. సోమవారం తెల్లారుజామున తిరిగి వెళతాడు. మామగారిని చూసుకుంటూ ఈ ఇంట్లోనే ఉండిపోయిన ఆమెకు భర్తతో గడిచేది నెలకు రెండు మూడు రోజులు. ఆ రోజుల్లో ఆయన మాటకు ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. గ్లాసులు పట్టుకుని నేరుగా తిన్నె మీదికి వెళ్ళి ఇద్దరి ముందూ పెట్టి వచ్చింది.

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

బయటనుంచి పంకజం గొంతు వినబడింది. "అన్నా, నేను ఇంట్లోకి వచ్చేదానికి రాలేదు. ఒక మాట చెప్పి పోతాను. అళగర్సామి కేసు నువ్వే కదా విన్నావు?"

రాజగోపాల రాజా లేచి గుమ్మం దగ్గరికి వచ్చాడు. చెల్లెలి ముఖం చూడలేదు. వీధి వైపు చూస్తూ, కోర్టు విషయం ఈ ఇంట్లో మాట్లాడేది లేదనీ, ఏదైనా ఉంటే వకీలు ద్వారా చెప్పుకోమనీ అన్నాడు. తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఆ ముసలాయన మన నాయన," అంది పంకజం.

తలుపు మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఏ ముసలాయన అని ఆయన అడగలేదు. అడగవలసిన అవసరం లేదు. జనవరిలో ఆయన విన్న కేసు అది. రాజపాళయానికి పది మైళ్ళకు పైన ఉన్న శివగిరి దగ్గర తాటితోపులో ఒక రైతును కత్తితో పొడిచి చంపారు. చోళపురం బండివాడు అళగర్సామికి ఆ రైతుతో పాత తగాదా ఉంది. పొడుస్తుండగా చూశామని ఇద్దరు సాక్షులు చెప్పారు. కిందటి ఆగస్టులో, అరవల ఆడి నెల చివరి శుక్రవారం, రాత్రి ఏడున్నర గంటలు.

ఆ వేళకు తాను శివగిరిలోనే లేనని అళగర్సామి అన్నాడు. మంసాపురంలో సరుకు దించి ఖాళీ బండితో వస్తుంటే బస్సు ఆగేచోట ఒక పెద్దాయన పడిపోయి ఉన్నాడట. ఒకమ్మ 'నాయనా' అని ఏడుస్తూ సాయం అడిగిందట. ఆయన్ను బండిలో పడుకోబెట్టుకుని రాజపాళయం తెచ్చి, ఒక కాంపౌండరు దగ్గర కట్టు కట్టించి, వీధి మొదట్లో దించానన్నాడు. పేరడిగితే తెలియదన్నాడు.

ఆ మాట మీద జడ్జి తీర్పులో ఒక పేరా రాశాడు. పేరు లేని ముసలాయన, ఊరు తెలియని ఆడమనిషి, ఇదంతా జైల్లో కూర్చుని అల్లిన కథ అని తేల్చాడు. సాక్షులిద్దరినీ నమ్మాడు. ఉరిశిక్ష వేశాడు. అది ఖాయం కావడానికి కాగితాలు మదరాసు హైకోర్టుకు వెళ్ళాయి.

"ఈమె వాని తల్లి, వెళ్ళయమ్మాళ్," అని పంకజం పక్కనున్న ముసలిదాన్ని చూపించింది. "బుధవారం హైకోర్టులో కేసు వస్తుందంట. ఇంకా మూడు నాళ్ళే ఉండాది."

రాజగోపాల రాజా తలుపు వదిలేశాడు. లోపలికి నడిచి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. తలుపు తెరిచే ఉంది. పంకజం గడప దాటి లోపలికి వచ్చింది. వెళ్ళయమ్మాళ్ రాలేదు.

పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆయన మీద ఒక్క ఆకాశరామన్న ఉత్తరం కూడా నిలబడలేదు. కోవిల్‌పట్టిలో మున్సిఫ్‌గా ఉన్నప్పుడు సొంత మేనమామ కొడుకు ఒక దావా సంగతి ఎత్తితే విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. పెళ్ళిళ్ళకు వెళితే వెనక వరసలో కూర్చుని అక్షింతలు వేసి వచ్చేసేవాడు. ఎవరింట్లోనూ భోజనం చేసేవాడు కాదు. జిల్లా జడ్జిల లిస్టులో ఆయన పేరు ఈ జూన్‌కు ఖాయమని కోర్టులో గుమాస్తాలకు కూడా తెలుసు.

ముందుగా మాట్లాడింది సుందరవల్లి. ఆడి చివరి శుక్రవారం మామగారు చీకటి పడ్డాక ఇంటికి వచ్చారనీ, మోకాలికి కట్టు ఉందనీ, తోటలో గట్టు మీద జారానని చెప్పారనీ అంది. ఆ పంచె మీద నెత్తురు తనే ఉతికిందట. కట్టు కొత్త గుడ్డతో, బొత్తిగా ఆస్పత్రి కట్టులా ఉంటే తోటలో ఇది ఎవరు కట్టారా అనుకుందట.

"అప్పుడు నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు ఆయన.

"మీరు అడగలేదు," అంది ఆమె.

గోవింద రాజా పెరటి వసారాలో మంచం మీద ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. కూతురు వచ్చిన సంగతి పొద్దుటి నుంచీ ఆయనకు తెలుసు. తెలిసీ ఇవతలికి రాలేదు. కొడుకు వచ్చి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంటే, తోటలో బావి మోటారు సంగతి ఎత్తాడు.

కొడుకు ఆ మాట సాగనివ్వలేదు. ఆడి చివరి శుక్రవారం ఎక్కడికి వెళ్ళారని అడిగాడు. తోటకన్నాడు తండ్రి. ఎక్కడ జారారని అడిగాడు. గట్టు మీదన్నాడు. కట్టు ఎవరు కట్టారని అడిగాడు. మనుషులెవరో కట్టారన్నాడు. ఏ మనుషులని అడిగితే, ఇన్ని నెలల కిందటి మాట ఎవరికి జ్ఞాపకం ఉంటుందన్నాడు.

రాజగోపాల రాజా వేల మంది సాక్షుల్ని చూసినవాడు. అబద్ధం చెప్పే మనిషి ప్రశ్న పూర్తి కాకముందే జవాబు అందుకుంటాడు. తండ్రి అదే చేస్తున్నాడు. అయినా కోర్టులో అయితే ఇలాంటి చోట ఆయన గొంతు గట్టిపడేది. ఇక్కడ తగ్గింది.

"నాయనా, ఆ బండివాడు నా ఎదుట నిలబడి చెప్పినాడు. ఒకమ్మ 'నాయనా' అని ఏడ్చింది, అది తెలుగు మాట, మా ఇండ్లలో కూడా అట్లాగే పిలుస్తాము అని. నేను నమ్మలేదు. గట్టిగా నవ్వలేదు గాని, నవ్వినట్టే. వాడు చెప్పింది నిజమేనా?"

గోవింద రాజా కాళ్ళు మంచం కిందికి దించాడు. గుమ్మంలో పంకజం నిలబడి ఉంది.

"నిజమే," అన్నాడు.

ఆ తరువాత ఆయన దాచలేదు. కూతురు వెళ్ళిపోయిన రెండో ఏడు నుంచి నెలకొకసారి మంసాపురం వెళ్ళి వస్తున్నానన్నాడు. తోట పని అని చెప్పి వెళ్ళేవాడు. అల్లుడు ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. కూతురు చేతి అన్నం తిని సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేవాడు. ఆ శుక్రవారం బస్సు ఎక్కబోతూ కళ్ళు తిరిగి పడ్డాడు. బండివాడు ఎత్తుకుని పడుకోబెట్టి, దారి పొడుగునా తల కింద తన తుండు మడిచి పెట్టి తీసుకువచ్చాడు. రాజపాళయం చేరేసరికి ఎనిమిది. వీధి మొదట్లో దించమన్నది తానే. ఇంటి ముందు దించితే ఎక్కడినుంచి వచ్చావని అడుగుతారని.

"వానికి శిక్ష పడిందని మీకు ఎప్పుడు తెలిసింది?"

తండ్రి పంకజం వైపు చూశాడు. జవాబు చెప్పింది ఆమే. తీర్పు అయిన పది నాళ్ళకు, ఆయన మంసాపురం వచ్చినప్పుడు చెప్పానంది. వెళ్ళయమ్మాళ్ కొడుకు మాట పట్టుకుని రాజపాళయంలో కాంపౌండర్లందరినీ అడిగిందట. కట్టు కట్టినవాడు, ఆ పెద్దాయన జడ్జిగారి తండ్రి అని గుర్తుపట్టి, భయపడి, తనకేమీ తెలియదన్నాడట. అప్పుడు ఆమె బండి బయలుదేరిన కొసకు, మంసాపురానికి వచ్చింది. బస్సు ఆగేచోట సోడా కొట్టువాడు, పడిపోయిన పెద్దాయన ఇంజన్ షెడ్డు వాళ్ళ ఇంటికి వస్తుంటాడని చెప్పి పంకజం ఇల్లు చూపించాడు. పంకజం నాయనకు చెప్పింది. నాయన నోరు మూసుకోమన్నాడు. ఒట్టు వేయించుకున్నాడు.

"నెలన్నరగా మీకు తెలుసు," అన్నాడు రాజగోపాల రాజా.

"తెలుసు. నీ పేరు లిస్టులో ఉండాదని నువ్వే చెప్పినావు. జడ్జి తండ్రే వచ్చి, నా కొడుకు తీర్పు తప్పు అంటే, ఊరు ఏమంటుంది? పైకోర్టులో కొట్టేస్తారులే అనుకున్నా. వాళ్ళు పెద్దవాళ్ళు, కనిపెడతారులే అనుకున్నా."

ఆయన గొంతులో పశ్చాత్తాపం లేదు. ఒకటే అలసట.

రాజగోపాల రాజా లేచి, పక్క వీధిలో ఉండే వకీలు సీనివాసన్‌ను పిలిపించమని భార్యతో చెప్పాడు. తీర్పు చెప్పిన జడ్జికి ఆ తీర్పును ముట్టుకునే హక్కు లేదు. హైకోర్టు మాత్రం కావాలనుకుంటే కొత్త సాక్ష్యం తీసుకోవచ్చు. బుధవారం లోపల తండ్రి వాంగ్మూలం, చెల్లెలి వాంగ్మూలం మదరాసు చేరాలి. సాయంత్రం ఆరు గంటలకు రైలుంది.

సీనివాసన్ నలభై ఏళ్ళవాడు. చేతిలో ఫైలు, ముఖంలో బెరుకు. జడ్జిగారింటికి ఇదే మొదటిసారి రావడం. చెప్పిందంతా విని, మారు మాట్లాడకుండా హాల్లో బల్ల దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. రెండు వాంగ్మూలాలూ పూర్తయ్యేసరికి మధ్యాహ్నం మూడయింది. భోజనం సంగతి ఎవరూ ఎత్తలేదు. సుందరవల్లి మాత్రం తిన్నె మీదికి ఒక ఆకు పట్టుకెళ్ళి వెళ్ళయమ్మాళ్‌కు అన్నం పెట్టింది.

చివరికి సీనివాసన్ కలం ఆపి పంకజాన్ని అడిగాడు. తీర్పుకు ముందే ఈ సంగతి తెలిసిందా, తరువాతా? ముందే తెలిస్తే ఎవరికీ ఎందుకు చెప్పలేదు? ఇది హైకోర్టులో అడిగే మొదటి ప్రశ్న.

పంకజం అన్నను చూసింది. తరువాత చేతిసంచిలోనుంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది.

"తీర్పుకు నాలుగు నాళ్ళ ముందే తెలిసింది. తెలిసిన దినమే రాసినా. అన్నకే రాసినా."

కవరు మూసే ఉంది. మంసాపురం పోస్టాఫీసు ముద్ర జనవరి పద్దెనిమిది. పాళయంకోట ముద్ర పంతొమ్మిది. చిరునామా మీద అడ్డంగా ఎర్ర సిరాతో, పుచ్చుకోలేదు, పంపినవారికి తిరిగి ఇవ్వవలసింది అని ఇంగ్లీషులో రాసి ఉంది. కింద పొట్టి సంతకం, తేదీ. తీర్పు చెప్పింది జనవరి ఇరవై రెండు.

ఎర్ర సిరా ఎవరిదో సీనివాసన్‌కు చెప్పనక్కరలేదు. ఆ పొట్టి సంతకాన్ని ఎన్నో ఆర్డర్ల కింద చూసినవాడు.

రాజగోపాల రాజా కవరును ముట్టుకోలేదు. ఆ ఉదయం ఆయనకు బాగా గుర్తుంది. బంట్రోతు టపా తెచ్చి పెట్టాడు. కవరు మీద చెల్లెలి రాత గుర్తుపట్టాడు. అది కేసు కోసం కాదు, కలుపుకోమని బతిమాలడానికి రాసిందనుకున్నాడు. కలం తీసి రాయడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

సీనివాసన్ గొంతు సవరించుకుని, ఈ కవరు అవసరం లేదేమో అన్నాడు. పెద్దాయన మాట చాలు. ఎంతో మర్యాద గల మనిషి, అబద్ధం చెబుతారని ఎవరూ అనుకోరు. కవరు పెడితే అడిషనల్ సెషన్స్ జడ్జి పేరు హైకోర్టు రికార్డులో పడుతుంది. అనవసరం.

"కవరు లేకపోతే ఈ రెండు కాగితాలు దేనికీ పనికి రావు," అన్నాడు రాజగోపాల రాజా. "శిక్ష పడిన రెండు నెలలకు ఒక తండ్రీ కూతురూ వచ్చి, ఆ ముసలాయనా ఆ ఆడమనిషీ మేమే అంటే నేనైనా నమ్మను. చించి పారేస్తాను. తీర్పుకు ముందే రాసినట్టు చూపించేది ఈ పోస్టు ముద్ర ఒకటే. కవరు విప్పవద్దు. ఇట్లాగే తీసుకుపోయి జడ్జిల ఎదుట విప్పించండి. మూడో వాంగ్మూలం నేను రాస్తాను. ఆ ఎర్ర సిరా నాదేనని."

సుందరవల్లి గోడకు ఆనుకుని నిలబడింది.

వాంగ్మూలం చెప్పడానికి హాల్లోకి వచ్చి కూర్చున్న గోవింద రాజా తన ముందున్న కాగితాన్ని పక్కకు జరిపాడు. కవరు పెట్టేటట్టయితే తాను సంతకం చేయనన్నాడు. తాను పడిపోయిన సంగతి చెబుతాడు, మంసాపురం వెళ్ళిన సంగతి చెబుతాడు, ఊరు నవ్వినా భరిస్తాడు. కొడుకు చేతిరాతను తీసుకెళ్ళి కొడుకునే ఉద్యోగంలోనుంచి దించే పని తన వల్ల కాదు.

కొడుకు నెమ్మదిగా, అక్కడ ఒక ప్రాణం ఉందన్నాడు.

"ఉండాది. పావమే. దానికి నేనేమి చేసేది? వాడు నా కొడుకు కాదు," అన్నాడు గోవింద రాజా.

గుమ్మంలో నీడ కదిలింది. వెళ్ళయమ్మాళ్ లేచి నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఈ ఇంట్లో వాళ్ళ తెలుగు ఆమెకు అర్థమవుతుందని కూడా ఎవరూ అనుకోలేదు. ఆమెదీ తెలుగే.

"మిమ్మల్ని రోడ్డు మీదనుంచి ఎత్తినప్పుడు, మీరు ఎవరి నాయనో వాడు అడగలేదు సామీ," అంది.

మళ్ళీ కూర్చుంది.

గోవింద రాజా కర్ర పట్టుకుని లేచాడు. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. లోపల గొళ్ళెం పడింది.

నాలుగున్నర అయింది. సీనివాసన్ గడియారం చూసుకున్నాడు. పంకజం తన కాగితం మీద సంతకం పెట్టింది. రాజగోపాల రాజా బల్ల ముందు కూర్చుని తన వాంగ్మూలం తానే రాశాడు. పన్నెండు పంక్తులు. ఎక్కడా కొట్టివేత లేదు. చివరన సంతకం పెట్టి, సిరా ఆరేదాకా చూసి, సీనివాసన్‌కు ఇచ్చాడు. ముసలాయన మాట లేకుండా ఇవి నిలుస్తాయా అని సీనివాసన్ అడిగితే, నిలవవని చెప్పాడు. అయినా తీసుకుపొమ్మన్నాడు.

జట్కా వచ్చి వాకిట్లో ఆగింది.

అప్పుడు గది తలుపు తెరుచుకుంది. గోవింద రాజా తెల్ల పంచె, మూసిన కోటు, భుజం మీద జరీ కండువాతో బయటికి వచ్చాడు. కాగితం మీద సంతకం చేయనన్నాడు. తానే మదరాసు వస్తానన్నాడు. జడ్జిలు అడిగితే వాళ్ళ ముఖం చూసి చెబుతాడట. కూతురు రావద్దన్నాడు. సోమవారం కోర్టు ఉంది గనుక కొడుకూ రావద్దన్నాడు. తానూ సీనివాసనూ చాలు.

తరువాత చెయ్యి చాచాడు.

"ఆ కవరు నా చేతికి ఇయ్యి. నేను తెస్తాను."

పంకజం బల్ల మీది కవరు తీసి గుండెకు హత్తుకుంది. వద్దన్నట్టు అన్న వైపు చూసింది. సీనివాసన్ కూడా చూశాడు. అది ఒక్కటే ఉంది. దానికి నకలు లేదు.

రాజగోపాల రాజా చెల్లెలి చేతిలోనుంచి కవరు తీసుకున్నాడు. ఎర్ర సిరా మీద ఒకసారి చూపు పడింది. కవరును తండ్రి చేతిలో పెట్టాడు. తండ్రి దాన్ని కోటు లోపలి జేబులో దోపుకుని బొత్తాలు పెట్టుకున్నాడు. ముఖంలో ఏమీ తెలియలేదు.

స్టేషనుకు అన్నాచెల్లెళ్ళు ఒకే జట్కాలో వెనక వెళ్ళారు. వెళ్ళయమ్మాళ్ జట్కా ఎక్కలేదు, నడిచి వచ్చింది.

రైలు రెండు నిమిషాలే ఆగింది. సీనివాసన్ పెద్దాయన్ను పట్టి ఎక్కించి కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. రైలు కదిలేటప్పుడు సీనివాసన్ ముందుకు వంగి ఏదో అడుగుతూ చెయ్యి చాచడం ప్లాట్‌ఫారం మీదికి కనిపించింది. గోవింద రాజా తల అడ్డంగా ఊపాడు. కోటు జేబు మీద అరచెయ్యి వేసుకుని అవతలి వైపుకు తిరిగాడు.

పెట్టెలు ఒకటొకటిగా ముందునుంచి సాగిపోయాయి. పంకజం అన్న దగ్గరికి వచ్చి నిలబడింది.

"నాయన ఆ కవరు అక్కడ ఇస్తాడా అన్నా?"

రాజగోపాల రాజా రైలు వెళ్ళిన వైపే చూస్తున్నాడు.

"తెలీదమ్మా," అన్నాడు.